చెన్నై కోటలో సెయింట్ మేరీస్ చర్చి: మన్రో సమాధి అక్కడుందా, గుత్తిలో ఉందా?

గుత్తి కుర్రోడు:
వచ్చే వారం పని మీద చెన్నై పోతున్నా, ఒక పూట ఖాళీ ఉంటుంది. సెయింట్ జార్జ్ కోట లోపల సెయింట్ మేరీస్ అని పాత చర్చి ఉందంట, అప్పటి మద్రాసు గవర్నరు థామస్ మన్రో సమాధి అందులోనే అని ఒకాయన చెప్పినాడు. మరి మా గుత్తి కోట కింద ఇంగ్లీషోళ్ల గోరీల దగ్గర మన్రోను పూడ్చింది ఇక్కడే అని చిన్నప్పటి నుంచి వింటున్నామే! ఏది నిజం? ఇంకోటి, ఆ చర్చిలో ఉన్న లాస్ట్ సప్పర్ (క్రీస్తు చివరి భోజనం) బొమ్మ ఇటలీ చిత్రకారుడు రఫాయెల్ వేసిందంటారు, నమ్మొచ్చా?

పాతరాళ్ళు:
రెండూ నిజమే తమ్ముడూ. గవర్నరు పని వదిలేసి ఇంటికి పోయేముందు దత్తమండలాలు, అంటే మన సీమ వైపు, మళ్ళీ ఒకసారి చూసి పోదామని బయల్దేరి, 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో పోయాడాయన. పూడ్చింది మీ గుత్తిలోనే. 1831లో అస్థికలు తీసి మద్రాసు తెచ్చి ఈ చర్చిలో పెట్టారు. మన సీమలో పిల్లలకు మన్రోలయ్య అని పేర్లు పెట్టుకున్నది ఈయన మీద అభిమానంతోనే.

కోట వీధి:
సమాధి ఒక్కటే చూసి వచ్చేయకండి, తల పైకెత్తి కప్పు చూడండి. 1678 మార్చి 25న, అంటే మరియమ్మకు దేవదూత కబురు చెప్పిన పండగ రోజున పని మొదలైంది, పేరు అందుకే. 1680 అక్టోబరు 28న ప్రతిష్ఠ. ఈస్టిండియా కంపెనీ డబ్బు కాదు, గవర్నరు స్ట్రేన్‌షామ్ మాస్టర్, ఇక్కడి ఇంగ్లీషువాళ్ళు చందాలేసుకుని కట్టుకున్నారు. గుండ్లు పడినా తట్టుకోవాలని కప్పుకు కలప వాడకుండా ఇటుక, సున్నంతో రెండడుగుల మందాన కమాను కప్పు వేశారు, బయటి గోడలు నాలుగడుగులు. గుడి కట్టినట్టు కాదు, మందుగుండు గోదాం కట్టినట్టు కట్టారు. లోపల తెల్లటి సున్నపు నునుపు మాత్రం చూడాల్సిందే.

బయట ఆవరణలో నేలంతా సమాధి రాళ్ళే, చూసుకుని నడవండి. అసలు శ్మశానం అక్కడ కాదు, కోట బయట ఉండేది. 1758-59లో ఫ్రెంచి సేనాని లాలీ ముట్టడిలో వాళ్ళ సైనికులు ఆ గోరీల చాటున నక్కి కాల్పులు జరిపారు. ముట్టడి తొలగాక ఇంగ్లీషువాళ్ళు గోరీలు కూల్చేసి, రాళ్ళు మాత్రం ఇక్కడికి తెచ్చి పరిచారు. 1652లో పోయిన ఎలిజబెత్ బేకర్ రాయి వెతకండి. ఇంగ్లీషు పలకలే కాదు, లాటిన్, పోర్చుగీసు, ఆర్మేనియన్ కూడా కనిపిస్తాయి.

రంగుల పిచ్చి:
రఫాయెల్ సంగతి. ఆ బొమ్మ 1761లో ఫ్రెంచివాళ్ళ పాండిచ్చేరి ఇంగ్లీషువాళ్ళ చేతిలో పడిపోయినప్పుడు అక్కడి నుంచి లూటీగా తెచ్చిందంటారు. ఎవరు వేశారో తెలియదు. మధ్యలో క్రీస్తు బొమ్మ వరకు రఫాయెల్ చెయ్యి పడిందని ఒక మాట బాగా తిరుగుతుంది, నాకైతే నమ్మబుద్ధి కాదు, పెద్ద పేరు తగిలిస్తేనే జనం ఆగి చూస్తారని ఎవరో అంటించి ఉంటారు. దాని ముందు అందరూ గుమిగూడతారు, పక్కన ష్వార్ట్జ్ పాదిరి పాలరాతి చెక్కడాన్ని ఎవరూ పట్టించుకోరు. జాన్ బేకన్ చెక్కింది. మంచం మీద ముసలాయన ప్రాణం పోతోంది, చుట్టూ మనుషులు, ఒక పిల్లాడు ఆయన చెయ్యి పట్టుకున్నాడు. నా ఓటు దానికే.

గుత్తి కుర్రోడు:
థాంక్స్ అన్నలూ. క్లైవ్ పెళ్ళి కూడా ఇక్కడేనా? లోపలికి ఊరికే పోనిస్తారా?

కోట వీధి:
అవును, 1753లో. తర్వాత మద్రాసు గవర్నరైన ఎలీహు యేల్ పెళ్ళి కూడా ఇక్కడే, 1680లో, చర్చి రిజిస్టరులో మొదటి పెళ్ళి అదే. కోటలో సెక్రటేరియట్ ఉంది కాబట్టి గేటు దగ్గర చెకింగ్ ఉంటుంది, ఐడీ కార్డు మర్చిపోవద్దు. టైమ్ ఉంటే దగ్గర్లో ఐలాండ్ మైదానం పక్క రోడ్డు మీద మన్రో గుర్రం విగ్రహం కూడా చూసేయండి, జీను లేదు, రికాబులు లేవు.