యెహెజ్కేలు చూసిన మందిరం నిజంగా కడతారా?

కొలకర్ర
అందరికీ వందనాలు. మా యవ్వనస్థుల కూడికలో బైబిలులోని యెహెజ్కేలు గ్రంథం 40 నుంచి 48 అధ్యాయాల దాకా చదువుతున్నాం. యూదులు బబులోనుకు చెరలోకి వెళ్లిన 25వ ఏట, అంటే క్రీ.పూ. 573లో, ప్రవక్తకు ఈ దర్శనం కలిగింది. యెరూషలేము కూలి అప్పటికి 14 ఏళ్లు. తర్వాత జెరుబ్బాబెలు కాలంలో, క్రీ.పూ. 516 ప్రాంతంలో పూర్తయిన మందిరం ఈ కొలతలది కాదు. ఆ తర్వాత హేరోదు రాజు కట్టించిందీ కాదు. మరి క్రీస్తు తిరిగొచ్చి చేసే వెయ్యేండ్ల పాలనలో కడతారా? కడితే, క్రీస్తు సిలువ మీద బలి అయ్యాక కూడా అందులో పాపపరిహారార్థబలి ఎందుకు? పిల్లలు అడిగితే నీళ్లు నమిలాను.

పాలకొల్లు బాబ్జీ
ఇందులో తికమక ఏముంది బ్రదర్? కట్టని ఇంటికి మేస్త్రీ చేతిలో ప్లాను ఎవరైనా పెడతారా? 40వ అధ్యాయం ఒక్కసారి నిదానంగా చదవండి. కొలకర్ర ఆరు మూరలు, ఒక్కో మూర మామూలు మూర కంటే బెత్తెడు ఎక్కువ. బలిపశువుల్ని వధించడానికి గుమ్మం దగ్గర ఎనిమిది బల్లలు, గోడలకు బెత్తెడు పొడుగు మేకులు. 46లో బలిమాంసం వండడానికి నాలుగు మూలలా వంటశాలలు, ఒక్కోటి నలభై మూరలకు ముప్పై. ఉపమానం చెప్పేవాడు వంటశాల కొలతలు చెబుతాడా? ఇక బలులంటారా, అవి జ్ఞాపకార్థం. మనం ఆదివారం రొట్టె విరిచి సిలువను వెనక్కి తిరిగి చూసినట్టే వాళ్లూ చూస్తారు. జెకర్యా 14లో కూడా బలులు అర్పించేవాళ్లున్నారు.

షారోను రోజా
ఆమేన్. యెరూషలేము కోటగోడలో తూర్పు గుమ్మం మూసేశారు కదా, కళ్లారా చూసొచ్చాం. తూర్పు గుమ్మం మూసే ఉండాలన్న 44:2 నెరవేరింది.

నీలిసిరా
బాబ్జీ గారూ, "జ్ఞాపకార్థం" అన్న మాట ఆ తొమ్మిది అధ్యాయాల్లో బలుల గురించి ఎక్కడుందో చూపించండి. 45:15, 17 రెండూ ప్రాయశ్చిత్తం కోసమే అంటున్నాయి. 45:22లో అధిపతి తన కోసం కూడా కోడెను అర్పిస్తాడు. హెబ్రీ 10:18 చూస్తే, క్షమాపణ దొరికాక ఇక అర్పణే లేదు. అక్షరార్థం అనే మీరే అక్షరం మార్చేస్తే ఎలా? ప్రకటన 21:22లో యోహానుకు పట్టణంలో దేవాలయమే కనపడలేదు, కానీ యెహెజ్కేలు 47లో ఉన్నలాంటి నది మాత్రం 22:1లో ఉంది. నా లెక్కలో యెహెజ్కేలు చూసింది దాని ఛాయ, అంటే రాబోయేదాన్ని ముందే చూపే నీడ, అక్షరాలా కట్టే మందిరం కాదు.

రోజా గారూ, ఇప్పుడున్న కోటగోడలు ఒట్టోమన్ సుల్తాను సులేమాను 1537-41 మధ్య కట్టించినవి. ప్రవక్త చెప్పింది మందిరపు బయటి ఆవరణ గుమ్మం, ఊరి గోడది కాదు.

పాలకొల్లు బాబ్జీ
ఎవరు మూయిస్తేనేం? యెరూషలేమును కూల్చిన బబులోను రాజు నెబుకద్నెజరు చేత పని చేయించుకున్న దేవుడు సుల్తాను చేత చేయించుకోలేడా?

నీలిసిరా
చేయించుకోగలడు. కానీ యెహోవా మహిమ ఆ గుమ్మంలోంచి లోపలికి వచ్చింది కాబట్టి మూశారని అక్కడే రాసుంది. మహిమ ఎప్పుడు వచ్చిందంటారు, 1541కి ముందా?

పాలకొల్లు బాబ్జీ
గుమ్మం మూసి ఉందా లేదా? అది చెప్పండి చాలు.

జెర్సీ తెలుగోడు
గుమ్మం కాసేపు పక్కన పెడదామా? ఈ తలనొప్పి మనకొక్కరికే కాదు. సంఖ్యాకాండము 28:11 అమావాస్యకు రెండు కోడెలంటుంది, యెహెజ్కేలు 46:6 ఒక్కటే అంటుంది. ఇలాంటి తేడాల వల్ల యూదు పండితులు ఈ గ్రంథాన్నే పక్కన పెట్టేయాలనుకున్నారట. హనన్యా బెన్ హిజ్కియా అనే పండితుడు మూడు వందల పీపాల నూనె తెప్పించుకుని, మేడ గదిలో కూర్చుని ధర్మశాస్త్రంతో దీన్ని సమన్వయం చేశాడని యూదు పండితుల చర్చల సంకలనమైన బబులోను తల్మూదు చెబుతుంది. నూనె ఖర్చు చెప్పారు గానీ ఆయన ఎలా సమన్వయం చేశాడో మాత్రం అక్కడ రాయలేదు :)

రూతమ్మ
47వ అధ్యాయంలో మందిరం నుంచి పారే నది సంగతి ఎవరూ ఎత్తరేం బాబూ? చీలమండ, మోకాలు, నడుము, ఆపైన ఈదాల్సినంత నీళ్లు. ఉప్పు సముద్రం మంచినీళ్లవుతుంది, ఏన్గెదీ దగ్గర జాలర్లు వలలు ఆరేస్తారు. నాకు అది చాలు.

పాలకొల్లు బాబ్జీ
అమ్మా, ఆ నదీ అక్షరాలా నిజమే. బురద నేలలు మాత్రం ఉప్పుగానే ఉండిపోతాయని 47:11లో ఉంది చూడండి. ఛాయకు అంత మినహాయింపు దేనికి? అసలు ఈ లూథరన్లకీ సీఎస్ఐ వాళ్లకీ ఇశ్రాయేలంటేనే గిట్టదు. వాక్యం ఇబ్బంది పెడితే చాలు, ఛాయ అనేస్తారు.

నీలిసిరా
నేను లూథరన్‌ని కాదండీ. మీ సహవాసంలోనే పుట్టాను, బాప్తిస్మం మీ కాలవలోనే తీసుకున్నాను. మా అక్క హిందూ అబ్బాయిని పెళ్లి చేసుకుందని మా నాన్నను బల్ల నుంచి, అంటే ఆదివారం రొట్టె, ద్రాక్షరసం తీసుకోకుండా, తీసేశారు. ఆ రోజు పెద్దలు చదివింది ఏ వాక్యమో తెలుసా? యెహెజ్కేలు 44:10 నుంచి 14. తప్పిపోయిన లేవీయులు గుమ్మాల దగ్గర కావలి ఉండొచ్చు, మందిరపు పనులు చేయొచ్చు, సన్నిధికి మాత్రం రాకూడదు. ఆయన చచ్చిపోయేదాకా చాపలు పరిచి, చెప్పులు సర్ది, రొట్టె గిన్నె వచ్చే వేళకు వరండాలోకి వెళ్లిపోయేవాడు. బలుల నెత్తురు సంగతి వచ్చేసరికి వెయ్యేండ్ల పాలనకు వాయిదా వేస్తారు. వరండా సంగతి మాత్రం వచ్చే ఆదివారం నుంచే అమలు!

షారోను రోజా
అయ్యో.

పాలకొల్లు బాబ్జీ
తమ్ముడూ, ఆ పెద్దలు ఆ వాక్యాన్ని అక్కడ వాడటం తప్పే. లేవీయులకు చెప్పింది మన ఊరి సంఘానికి చెప్పింది కాదు. కానీ ఒకటి అడుగుతాను. క్రమశిక్షణే లేకపోతే బల్లకు విలువేముంది? అందరికీ అన్నీ ఛాయలేనంటే రేపు పరిశుద్ధత కూడా ఛాయే అంటారు. నా భయం అది. కొలతల గురించి కాదు.

నీలిసిరా
ఇప్పుడు సరిగ్గా మాట్లాడుకుంటున్నాం. నా భయం ఏంటంటే ఆ కొలకర్ర ఎవరి చేతిలో ఉంటుందని. దర్శనంలో అది దూత చేతిలో ఉంది, పెద్దల చేతిలో కాదు. 47:22లో పరదేశులకు కూడా గోత్రాల మధ్య స్వాస్థ్యం ఇమ్మన్నాడు. అది ఎప్పుడైనా ప్రసంగంలో విన్నారా?

పాలకొల్లు బాబ్జీ
అది భూమి గురించి. పరిశుద్ధ స్థలం గురించి కాదు.

కొలకర్ర
43:11 ఎవరూ చూసినట్టు లేదు. వాళ్లు తాము చేసినవాటికి సిగ్గుపడితే అప్పుడు ఈ మందిరపు రూపం, గుమ్మాలు, విధులు వాళ్లకు చూపించమన్నాడు. చెరలో ఉన్నవాళ్ల ముందు షరతుతో పెట్టిన నమూనా ఇది. వాళ్లు సిగ్గుపడలేదు, అది కట్టలేదు అని ఎందుకు అనుకోకూడదు? పైగా సిగ్గుపడమన్నది ఇశ్రాయేలు ఇంటివారందరినీ. అంతకు ముందు వచనాల్లో రాజుల్నీ కలిపే తిట్టాడు, వాకిలి కావలివాళ్లను మాత్రమే కాదు.

బాబ్జీ అన్నా, ఇంకొకటి. 44:9 ప్రకారం హృదయంలోనూ శరీరంలోనూ సున్నతి లేని అన్యుడెవడూ ఆ పరిశుద్ధ స్థలంలోకి రాకూడదు. అక్షరాలా తీసుకుంటే పాలకొల్లు నుంచి ఒక్కరైనా లోపలికి వెళ్తారా?

పాలకొల్లు బాబ్జీ
దానికి జవాబుంది. రేపు ఆరాధన అయ్యాక వచ్చి రాస్తాను. ఈలోపు గుమ్మం మూసి ఉందో లేదో ఎవరైనా ఒప్పుకోండి.