రివాల్వర్ ఒంటిచేత్తోనా, రెండు చేతులతోనా? డబుల్ యాక్షన్‌లో గురి చెదిరిపోతోంది

ప్రశ్న:
రెండేళ్లుగా 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ కాలుస్తున్నాను, అలవాటంతా ఒంటిచేత్తోనే, ఎడమ చెయ్యి జేబులో ఉంటుంది. ఈమధ్య కోచ్ పక్కనుండి .32 రివాల్వర్ కాల్పిస్తున్నారు. హామర్ (తూటాని పేల్చే వెనకాల మీట) ముందే వెనక్కి లాగి సింగిల్ యాక్షన్‌లో కాలిస్తే 25 మీటర్ల దగ్గర పర్లేదు, నల్ల వలయంలోనే పడుతున్నాయి. డబుల్ యాక్షన్‌లో ట్రిగ్గర్ మొత్తం లాగితే మాత్రం సగం షాట్లు కిందికి, ఎడమకి పోతున్నాయి (నాది కుడి చేతివాటం). రెండు చేతులతో పట్టుకోగానే దగ్గరికొచ్చాయి, కానీ అలా మొదలుపెడితే ఒంటిచేతి అలవాటు చెడిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఇంకోటి, ఆ రోజు ఎడమ బొటనవేలు చుర్రుమంది, చూస్తే మసి. ఎందుకు?

జవాబు 1:
మిగతావన్నీ తర్వాత, ముందు ఆ బొటనవేలి సంగతి చూడండి. రివాల్వర్‌లో సిలిండర్‌కీ (తూటాల గదులుండే తిరిగే భాగం) బ్యారెల్‌కీ మధ్య సన్నటి సందు ఉంటుంది, మిల్లీమీటరులో పదో వంతో ఐదో వంతో, అంతే. పేల్చిన ప్రతిసారీ అందులోంచి వేడి గ్యాసు, మందు, సీసపు తునకలు పక్కలకి చిమ్ముతాయి. .32 కాబట్టి మసితో పోయింది, అదే .357 మాగ్నమ్ లాంటి బలమైన తూటా అయితే వేలు కోసుకుపోయేది. సెమీ ఆటోమేటిక్ పిస్టల్ కాల్చేవాళ్లు రెండు బొటనవేళ్లూ ముందుకి చాపి పెడతారు, వాళ్లని చూసి మీరూ అలాగే పెట్టుంటారు. రివాల్వర్‌కి అది పనికిరాదు. ఎడమ బొటనవేలిని కుడి బొటనవేలి గోరు మీదుగా వేసి కిందికి నొక్కి పెట్టండి, ఏ వేలూ సిలిండర్ ముందు అంచు దాకా పోకూడదు. కళ్లద్దాలు లేకుండా ఒక్క షాట్ కూడా వద్దు, పక్కన నిలబడేవాళ్లు కూడా ఆ సందుకి సూటిగా ఉండకూడదు.

జవాబు 2:
మీ చెయ్యి చెడిపోలేదండీ, లెక్కే అలా ఉంది. ఎయిర్ పిస్టల్ ట్రిగ్గర్‌కి నిబంధన ప్రకారం కనీస బరువు 500 గ్రాములు, మీ వేలికి అలవాటైంది దాదాపు అంతే. రివాల్వర్ సింగిల్ యాక్షన్‌లో సుమారు ఒకటిన్నర కిలో ఉంటుంది, డబుల్ యాక్షన్‌లో అదే ట్రిగ్గర్ నాలుగున్నర నుంచి ఐదున్నర కిలోల దాకా పోతుంది, ఎందుకంటే ఆ ఒక్క లాగుడుతోనే సిలిండర్ తిరగాలి, హామర్ లేవాలి, పడాలి. తుపాకీ బరువేమో కిలో అటూ ఇటూ. కిలో వస్తువుని ఒక చేత్తో గాల్లో నిలబెట్టి, దాని మీదే ఒక్క వేలితో ఐదు కిలోలు లాగుతున్నారు, అది కదలకుండా ఎలా ఉంటుంది? పైగా చూపుడు వేలు బలంగా ముడుచుకుంటే మిగతా మూడు వేళ్లూ తెలియకుండానే బిగుస్తాయి, మూతి కిందికి, ఎడమకి వాలుతుంది. రెండో చెయ్యి చుట్టూ పడితే పట్టు బలం అది చూసుకుంటుంది, కుడి చూపుడు వేలు తన పని తాను చేసుకుంటుంది.

హామర్ లాగడంలోనూ తేడా ఉంది. ఒంటిచేత్తో అయితే కుడి బొటనవేలితో లాగడానికి పట్టు సడలించి మళ్లీ సర్దుకోవాలి, ప్రతి షాట్‌కీ పట్టు కొంచెం మారుతుంది. రెండు చేతులుంటే ఎడమ బొటనవేలు లాగేస్తుంది, కుడి చెయ్యి ఉన్నచోటే ఉంటుంది.

ఒంటిచేతి పద్ధతి ఎక్కడిదంటే, గుర్రం మీద ఉన్నవాడికి ఒక చేతిలో కళ్లెం ఉంటుంది కాబట్టి 19వ శతాబ్దపు రివాల్వర్లు అలాగే తయారయ్యాయి. 1873 కోల్ట్ పిడి చూడండి, పేలగానే అరచేతిలో పైకి తిరిగి బొటనవేలికి హామర్ అందేలా ఉంటుంది. రెండు చేతుల పద్ధతి బాగా పాకింది 1950ల చివర్లో, కాలిఫోర్నియా పోటీల్లో జాక్ వీవర్ అనే డెప్యూటీ షెరీఫ్ రివాల్వర్‌ని అలా పట్టుకుని గెలవడం మొదలుపెట్టాక. అంతమాత్రాన ఒంటిచెయ్యి తక్కువది కాదు, అమెరికన్ షూటర్ ఎడ్ మెక్‌గివర్న్ 1932లో డబుల్ యాక్షన్ రివాల్వర్‌తో 5 షాట్లు 0.45 సెకన్లలో కాల్చాడు. మరో అమెరికన్ షూటర్ జెర్రీ మికులెక్ 1999లో రెండు చేతులతో ఆరు షాట్లు కాల్చి, మళ్లీ నింపి ఇంకో ఆరు కాల్చడానికి తీసుకున్నది 2.99 సెకన్లు. ఇద్దరి వెనకా ఉన్నది ఏళ్ల తరబడి ట్రిగ్గర్ సాధన.

నా మాట: డబుల్ యాక్షన్ రెండు చేతులతోనే నేర్చుకోండి, వేలు కుదిరాక ఒంటిచేతికి రండి.

జవాబు 3:
పైన అన్నదాంతో సగమే ఏకీభవిస్తాను. మీరు అంతర్జాతీయ నిబంధనల ప్రకారం జరిగే 25 మీటర్ల సెంటర్ ఫైర్ పోటీకి వెళ్లాలనుకుంటే అక్కడ రెండో చెయ్యి తగలకూడదు, ర్యాపిడ్ (వేగంగా కాల్చే) దశలో 3 సెకన్లు టార్గెట్ కనపడుతుంది, 7 సెకన్లు విరామం, ఒక్కో షాట్. కాబట్టి ఒంటిచేతి సింగిల్ యాక్షన్ సాధన ఒక్క వారం కూడా ఆపకండి.

కిందికి, ఎడమకి పోవడం పట్టు వల్లేనని తేల్చేయొద్దు, శబ్దానికి ముందే ఉలిక్కిపడడం వల్ల కూడా పోతాయి. పరీక్షించడం తేలిక. కోచ్‌ని ఆరు గదుల్లో మూడింట్లో తూటాలు, మూడింట్లో కాల్చేసిన ఖాళీ తొడుగులు పెట్టి, సిలిండర్ తిప్పి మూసి ఇమ్మనండి. ఖాళీ మీద హామర్ పడ్డప్పుడు ఫ్రంట్ సైట్ (బ్యారెల్ కొసనున్న గురి ముల్లు) గభాలున కిందికి దూకితే ఉలికిపాటే. నాకు ఏడాది పాటు ఎవరూ చెప్పలేదు, మొదటిసారి ఇలా చూసుకున్నప్పుడు సిగ్గేసింది.

ఇంకొకటి, ఎయిర్ పిస్టల్‌లో వేలి కొసనున్న మెత్తటి భాగం పెడతారు, డబుల్ యాక్షన్‌కి అది చాలదు, మొదటి కణుపు గీత దాకా పెట్టి మధ్యలో ఆగకుండా ఒకే వేగంతో లాగండి.

ప్రశ్న అడిగిన వ్యక్తి:
అన్నా, మూడు గదుల పరీక్ష నిన్న చేశాం. రెండు చేతులతో ఖాళీ మీద పడ్డప్పుడు సైట్ దాదాపు కదల్లేదు. ఒంటిచేత్తో డబుల్ యాక్షన్‌లో ప్రతిసారీ కిందికి దూకింది, సింగిల్ యాక్షన్‌లో ఒక్కసారే. అంటే పట్టు, ఉలికిపాటు రెండూ ఉన్నాయన్నమాట. వేలు కణుపు దాకా పెట్టగానే ఎడమకి పోవడం కొంత తగ్గింది. బొటనవేలు మార్చాను, మసి లేదు. ఇంట్లో ఎయిర్ పిస్టల్‌తో చేసే డ్రై ఫైర్ (పేల్చకుండా ఉత్తినే ట్రిగ్గర్ లాగే సాధన) దీనికి పనికొస్తుందా?

జవాబు 3:
పట్టుకి, సైట్ చూడడానికి పనికొస్తుంది, ట్రిగ్గర్‌కి రాదు, బరువులో పోలికే లేదు. రేంజ్‌లో కోచ్ ముందు అదే రివాల్వర్‌లో స్నాప్ క్యాప్‌లు (పేలని ఉత్తుత్తి తూటాలు) వేసి చెయ్యండి, గదులన్నీ ఇద్దరూ చూశాకే. ఒంటిచేత్తో పది, రెండు చేతులతో పది, అలసిపోయేలోపు ఆపేయండి.