అన్‌చార్టెడ్ 2 ఇప్పుడు ఆడినా నిలబడుతుందా? నిజం చెప్పండి

పాతడిస్కు:
2009లో వచ్చిన ‘అన్‌చార్టెడ్ 2: అమాంగ్ థీవ్స్’ని మళ్లీ మొదటినుంచి చివరిదాకా ఆడాను. పీఎస్3 డిస్కు కాదు. బ్లూపాయింట్ స్టూడియో వాళ్లు 2015లో పీఎస్4కి చేసిన నేథన్ డ్రేక్ కలెక్షన్‌లోది, ‘హార్డ్’ కష్టస్థాయి మీద. అప్పట్లో దీన్ని మించిన గేమ్ లేదని అందరితో వాదించినవాణ్ని నేనే. ఇప్పుడు మాత్రం సగంలోనే విసుగొచ్చింది.

నేపాల్ వీధుల్లో ఒక్కొక్కడు ఛాతీ మీద అన్ని తూటాలు తిని, కాస్త తూలి, మళ్లీ నడిచొస్తాడు. పజిల్ వస్తే డైరీ తెరవాలి, జవాబు అందులోనే గీసి ఉంటుంది. కాసేపు తచ్చాడితే ఎటు వెళ్లాలో గేమే చెప్పేస్తుంది. చివర్లో వచ్చే షాంభలా నగరంలో ఆ నీలం మొహాల కాపలాదారులు వచ్చాక ఇక ఓపిక పరీక్షే. అప్పట్లో ఇదంతా కనబడలేదు, ఎందుకంటే బొమ్మ అంత గొప్పగా ఉండేది. ఇప్పుడు బొమ్మ మామూలైపోయింది, కిందిది బయటపడింది.

ఈ గేమ్ పేరే వినని మనిషికి మీరైతే ధైర్యంగా చేతికిస్తారా?

గురితప్పినోడు:
ఆ చివరి బాస్‌ని మాత్రం ఎవరూ సమర్థించకండి దయచేసి. చెట్టు చుట్టూ పరిగెత్తుతూ నీలం జిగురు ఉండలు పేల్చడం.

మంచుకొండ:
ఇస్తాను. మొన్నీమధ్యే ఇచ్చాను కూడా.

పాతడిస్కు గారూ, మీరు తుపాకీ దగ్గర ఆగిపోయారు. ఈ గేమ్ బలం దాని నడక. ఎక్కడ ఊపిరి ఆడనివ్వాలో, ఎక్కడ బిగించాలో దీనికి తెలిసినంతగా తర్వాత వచ్చిన చాలా గేములకు తెలియదు. కొండ అంచున వేలాడే రైలు పెట్టెలో, కడుపులో తూటాతో కథ మొదలవుతుంది. అక్కణ్నుంచి వెనక్కి, ఇస్తాంబుల్ మ్యూజియంలో దొంగతనానికి. తర్వాత బోర్నియో, నేపాల్, రైలు. ఆ రైలు పడిపోయాక టిబెట్‌లో ఒక పల్లె. అక్కడ చేతిలో తుపాకీ ఉండదు. గుద్దే బటన్ నొక్కితే హీరో డ్రేక్ ఊరివాళ్లకు చేయి కలుపుతాడు. అప్పటిదాకా మనుషుల్ని కొట్టిన బటన్ అది! ఆ ఊరి టెన్జిన్ టిబెటన్‌లోనే మాట్లాడతాడు, సబ్‌టైటిల్ వేయరు, అయినా మంచు గుహ దాటేసరికి వాడు మన స్నేహితుడైపోతాడు. గొడవంతా ఆపి ఇంతసేపు ఊరికే నడవనివ్వడం 2009లో ఒక పెద్ద యాక్షన్ గేమ్‌కి చిన్న సాహసం కాదు.

ఇక రైలు అధ్యాయం గురించి నేను వేరే చెప్పాలా?

కొత్తకంట్రోలర్:
నేను ఈ సిరీస్‌కి కొత్త. 2022లో పీసీకి వచ్చిన కలెక్షన్‌తో మొదలుపెట్టాను. అందులో నాలుగో భాగం, లాస్ట్ లెగసీ మాత్రమే ఉంటాయి. అవి నచ్చి, స్నేహితుడి పీఎస్4 అడిగి తెచ్చుకుని రెండోది ఆడాను. చెప్పొద్దూ, కష్టమనిపించింది. నాలుగులో గడ్డిలో నక్కి, ఒకణ్ని లాగేసి, కనబడితే తప్పించుకుని మళ్లీ దాక్కోవచ్చు. రెండులో ఒకడి కంట పడ్డామా, అందరికీ తెలిసిపోతుంది, ఇక దాగుడుమూతలు ఖతం. అసలు రైలు కూడా కదలదు కదా అన్నా, చుట్టూ ఉన్న కొండలు కదులుతాయి. పాత గేములన్నీ చేసే మాయే.

మంచుకొండ:
అన్నా అన్నావు కాబట్టి నెమ్మదిగా చెప్తున్నాను తమ్ముడూ. రైలు నిజంగానే కదులుతుంది. పట్టాల మీద, ఆ లోకంలో. గేమ్ తయారుచేసిన నాటీ డాగ్ వాళ్లు అప్పట్లో చెప్పుకున్న గొప్పల్లో అదే ముఖ్యమైనది. కదిలే వస్తువు మీద ఎక్కడం, దాక్కోవడం, కాల్చడం అన్నీ మామూలు నేల మీద లాగే పనిచేసేలా ఒక వ్యవస్థ కట్టుకున్నారు. మలుపు వచ్చినప్పుడు ముందు పెట్టెలు పక్కకు వంగి కనిపిస్తాయి, అక్కడున్నవాడి మీద గురి మారుతుంది. పెట్టె పక్కన వేలాడుతూ వెళ్తుంటే సిగ్నల్ స్తంభాలు మీదికి దూసుకొస్తాయి. నేపాల్‌లో హోటల్ కూలుతుండగా లోపల కాల్పులు జరిగే ఘట్టం కూడా ఆ వ్యవస్థ చలవే.

పాతడిస్కు:
సరే, కదులుతుంది. అయితే?

నేను ఆడుతున్నప్పుడు కొండ కదిలిందా, రైలు కదిలిందా అని నా బొటనవేలికి తెలియదు. తయారీ కష్టమైనంత మాత్రాన ఆట గొప్పదైపోదు.

మంచుకొండ:
బొటనవేలికి తెలియదేమో, కంటికి తెలుస్తుంది. ఆ మలుపులో హెలికాప్టర్ లోయ అవతలి నుంచి తిరిగొచ్చినప్పుడు...

పాతడిస్కు:
మళ్లీ రైలే. ఇరవైకి పైగా అధ్యాయాలున్న గేమ్‌ని సమర్థించమంటే ఒక్క రైలు ఎక్కి కూర్చున్నారు. మిగతాది మాట్లాడండి. అదే 2009లో బ్యాట్‌మాన్ గేమ్ అర్కమ్ అసైలమ్ వచ్చింది. దానిలో దెబ్బలాట ఈరోజు ఆడినా చేతికి హాయిగా ఉంటుంది, గుద్దుకీ గుద్దుకీ లయ ఉంటుంది. ఇంకా వెనక్కి పొండి, 2005 రెసిడెంట్ ఈవిల్ 4. నడుస్తూ కాల్చలేం, అయినా ఈరోజుకీ కూర్చోబెడుతుంది. ఎందుకంటే వాటిలో ఆడే పనే బాగుంటుంది. అన్‌చార్టెడ్ 2లో ఆడే పని చూపించే పనికి నౌకరు.

గురితప్పినోడు:
ఆ ఆఖరి వాక్యం బాగుంది, దాచుకుంటున్నా.

చివరిచెక్‌పాయింట్:
రీమాస్టర్ ఆడి పాతది తేల్చేస్తున్నారేంటి? పీఎస్3లో అది 720పీ, 30 ఫ్రేములు. గురి ఎల్1, కాల్పు ఆర్1. పీఎస్4లో 1080పీ, 60 ఫ్రేములు. మీరు ఆడింది మెరుగుపరిచిన గేమ్. దానికే విసుగొచ్చిందంటే అసలుదాని సంగతేంటో చెప్పాల్సిన పని లేదు. నా దగ్గర పీఎస్3 ఇంకా ఉంది, డిస్కు చదవడం మానేసింది. బాగుచేయమని ఇస్తే రిపేర్ చేసినతను లెన్సు మార్చానని డబ్బు తీసుకున్నాడు, అంతకుముందు కనీసం చప్పుడైనా చేసేది, ఇప్పుడు అదీ లేదు. కాబట్టి నా వరకు అసలు అన్‌చార్టెడ్ 2 నిలబడలేదు, పడుకుంది.

ప్లండర్‌పిచ్చి:
ఇంతసేపూ చదివాను. ఒక్కరంటే ఒక్కరు మల్టీప్లేయర్ ఊసెత్తలేదు!

ఐదుగురు ఇటు, ఐదుగురు అటు. ప్లండర్ అనే పోటీలో నిధి విగ్రహం బొమ్మని మోసుకుంటూ పరిగెత్తలేక, పైఅంతస్తులో ఉన్నవాడికి విసిరి, వాడు అందుకునేలోపు ఇంకొకడు గోడెక్కి వచ్చి కొట్టి... కథలో ఎక్కడం అలంకారం. మల్టీప్లేయర్‌లో ఎక్కడమే ప్రాణం, ఎందుకంటే వేలాడుతున్నప్పుడు నిజమైన మనిషి కిందనుంచి కాలుస్తాడు. ముగ్గురు కలిసి ఆడే కోఆప్ కూడా ఉండేది. 2015 కలెక్షన్‌లో మల్టీప్లేయర్ పెట్టలేదు. 2019 సెప్టెంబర్‌లో పీఎస్3 సర్వర్లు కూడా ఆపేశారు. ఇక దాన్ని ఆడే అధికారిక దారి లేదు. మీ కథ పాతబడిందా లేదా అని కొట్టుకోవడానికైనా మీకు వీలుంది. మాది పాతబడలేదు, తీసేశారు.

మంచుకొండ:
మీ బాధ అర్థమైంది కానీ అది వేరే చర్చ. మల్టీప్లేయర్ నేను ముట్టుకోలేదు, నాలాంటివాళ్లు చాలామంది. గేమ్ అంటే జనం గుర్తుపెట్టుకున్నది కథే.

ప్లండర్‌పిచ్చి:
“గుర్తుపెట్టుకున్నది” అంటే ఎవరు? మీరు. నేను ఆ గేమ్‌లో కలిసినవాళ్లతో ఇప్పటికీ మాట్లాడతాను. మీరు టెన్జిన్‌తో మాట్లాడుతున్నారా?

గురితప్పినోడు:
😂😂

మంచుకొండ:
వెటకారం అనవసరం. పదేళ్లు కావొచ్చిన సర్వర్ ఆపేయకుండా ఎవరు నడుపుతారు? వ్యాపారం కదా.

పాతడిస్కు:
చూశారా, మంచుకొండ గారి పద్ధతే ఇది. తను ఇష్టపడిన భాగం కళ, ఇంకొకరు ఇష్టపడినది వ్యాపారం. తుపాకీ పాతబడింది అంటే “తుపాకీ ముఖ్యం కాదు”. పజిల్ తేలిక అంటే “పజిల్ ముఖ్యం కాదు”. మల్టీప్లేయర్ పోయింది అంటే “అది ముఖ్యం కాదు”. ఇలా తీసేస్తూ పోతే మీరు కాపాడుతున్నది ఒక పల్లె, ఒక రైలు. మిగతాదంతా నాలాంటివాడు ఓపిగ్గా ఆడాలి, మీరు మెచ్చుకోవాలి.

మంచుకొండ:
మీరు పోయిన ఏడాది నేను రాసిన టూంబ్ రైడర్ పోస్టు కింద కూడా ఇదే గొడవ పెట్టారు. మీకు గేముతో పేచీ లేదు, ఇంకెవరైనా దాన్ని ఇష్టపడితే పేచీ. మరి అప్పుడెందుకు అందరితో వాదించారు దీన్ని మించింది లేదని? అప్పుడు పజిల్ జవాబు డైరీలో లేదా? శత్రువు తూలలేదా?

పాతడిస్కు:
ఉంది. తూలాడు. మా తమ్ముడి చేతికిచ్చేదాకా నేను పట్టించుకోలేదు. వాడికి నేను ఏళ్ల తరబడి చెప్పిన గేమ్ ఇది. కొండ మీద రైలు ఎక్కుతూ ఒక గొట్టం పట్టుకున్నాడు, అది వంగింది, వాడు అదిరిపోయాడు. బాగుంది. తర్వాత ఇంకోటి వంగింది. మూడోదానికి నావైపు చూసి “నేను మెల్లగా ఎక్కినా ఇది విరుగుతుందా?” అన్నాడు. విరుగుతుంది అన్నాను. “మరి నేనెందుకు జాగ్రత్తపడుతున్నాను?” అన్నాడు. నేపాల్ దాకా మర్యాదకి ఆడి కంట్రోలర్ పక్కన పెట్టాడు.

దానికి నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గర ఉంటే చెప్పండి, రైలు ప్రస్తావన లేకుండా.

నిర్వాహకుడు:
పాత పోస్టుల గొడవలు ఇక్కడికి తేవద్దు. విషయం మీద ఉండండి.

కొత్తకంట్రోలర్:
నాకైతే అసలు ఇబ్బంది ఇంకోటి. మ్యూజియంలో కాపలావాళ్లు అమాయకులు, తుపాకీ వద్దంటాడు డ్రేక్, మత్తు సూదులే వాడతాడు. ఆ వెంటనే ఒకణ్ని అంచు మీదనుంచి లాగి కిందికి పడేయిస్తారు మన చేత. ఆ తర్వాత గేమంతా వందల మందిని చంపడమే. చివర్లో విలన్ లజారెవిచ్ కూడా అదే అడుగుతాడు, ఈరోజు ఎంతమందిని చంపావని. ప్రశ్న వేసి ఊరుకున్నారు. నాలుగో భాగంలో వెయ్యి మందిని చంపితే దాన్ని ఎగతాళి చేస్తూ ఒక ట్రోఫీయే పెట్టారు.

గురితప్పినోడు:
ఆ కాపలావాడు నీళ్లలో పడతాడు. ఈదుకుంటూ పోతాడు. నేను నమ్ముతాను.

మంచుకొండ:
పాతడిస్కు గారి ప్రశ్నకి జవాబిస్తాను. గొట్టం విరగడం మీ తమ్ముడికి పరీక్ష కాదు. పరీక్ష అనుకుంటే మోసంలాగే ఉంటుంది. నేను ఆ గేమ్‌లో గెలవడానికి వెళ్లను. డ్రేక్ పాత ప్రేయసులు క్లోయీ, ఎలెనా ఒకే గదిలో ఉన్నప్పుడు అతని మొహం చూడటానికి వెళ్తాను. గోడ ఎక్కుతూ వాళ్లు మాట్లాడుకునే పనికిమాలిన కబుర్లు వినడానికి వెళ్తాను. పని నుంచి వచ్చాక ఇంకోచోట కూడా నా తప్పులు లెక్కపెట్టించుకోవాలని నాకు లేదు. గొట్టం ఎప్పుడు విరగాలో వాళ్లే చూసుకుంటారు, నన్ను పడనివ్వరు. అదే నాకు కావాలి. దాన్ని మీరు లోపం అంటున్నారు.

పాతడిస్కు:
అదే మొదట చెప్పుంటే ఇంత గొడవ ఎందుకు? నాకు అదే గిట్టదు. నా చేతిలో కంట్రోలర్ పెట్టి, నేను చేసినా చేయకపోయినా జరిగేదాన్ని నేను చేశానని నమ్మించడం. పడితే పడనివ్వండి నన్ను. అప్పట్లో నమ్మాను, అందుకే ఇప్పుడు ఎక్కువ మండుతోంది.

మంచుకొండ:
మీకు మంట, నాకు విశ్రాంతి. ఇందులో గేమ్ ఏం చేసింది?

ప్లండర్‌పిచ్చి:
మల్టీప్లేయర్‌లో మీరిద్దరూ ఒకే జట్టులో ఉంటే ఒకరు గొట్టం ఎక్కడానికి భయపడేవారు, ఒకరు ఎక్కి కబుర్లు చెప్పేవారు. బొమ్మ నేనొక్కణ్నే మోయాలి.

చివరిచెక్‌పాయింట్:
మల్టీప్లేయర్‌కి తర్వాత వచ్చిన హైరైజ్, ట్రెయిన్ రెక్ మ్యాపులు డబ్బు పెట్టి కొన్నాను. ఆ సంగతి కూడా ఎక్కడైనా రాసుకోండి.

గురితప్పినోడు:
ఇంతకీ కొత్తగా మొదలుపెట్టేవాడికి ఏం చెప్పాలి? 2007 మొదటి భాగం నుంచా, నేరుగా రెండు నుంచా?

పాతడిస్కు:
ఆడి తీరాలంటే రెండు నుంచే. మొదటిదాంట్లో ఆ జెట్ స్కీ ఉంది.

మంచుకొండ:
జెట్ స్కీకి ఏమైందండీ?