సమస్య: పావు లేని పలకఁ బావు చచ్చె

అరసున్న (నిర్వాహకుడు):
ఇచ్చింది ఆటవెలది నాలుగో పాదం, ముందు మూడు పాదాలూ మీరు పూరించాలి. వస్తువు ఫోన్‌లో ఆడే ఊర్ రాజక్రీడ అనే పాతకాలపు పావుల ఆట. ఇరాక్‌లోని ఊర్ సమాధుల్లో పురావస్తు శాస్త్రవేత్త లియొనార్డ్ వూలీ 1920లలో తవ్వి తీసిన పలక దీనిది. వయసు సుమారు 4,500 ఏళ్లు, గడులు 20. క్రీ.పూ. 177 నాటి బాబిలోన్ మట్టిపలక చదివి బ్రిటిష్ మ్యూజియం పండితుడు ఇర్వింగ్ ఫింకెల్ చెప్పిన నియమాలతోనే చాలా ఆప్‌లు నడుస్తున్నాయి. ఆట తెలియనివాళ్లు ఒకసారి ఆడి మరీ రండి, తొందరేం లేదు.

గడులబాటసారి:
చెక్క లేదు చేతఁ జిక్కు పాచిక లేదు
తెరను వ్రేలు తాకెఁ దిన్నగాను
యంత్ర మాడె నెదుట నంకె నాల్గు పడంగ
పావు లేని పలకఁ బావు చచ్చె

అరసున్న:
ధార బాగుంది. 'అంకె నాల్గు' గణం కోసం పడ్డ అంకె కాదు. నాలుగు మూలల పాచికలు నాలుగు, ఒక్కోదానికి రెండు మూలలకే గుర్తులు. నాలుగింటికీ గుర్తున్న మూలే పైకొచ్చి నాలుగు పడటం పదహారింట ఒక వంతు. అదీ యంత్రానికి పడి మన పావు పోతే ఎంత ఉక్రోషం రావాలి! పద్యం మరీ శాంతంగా ఉందండీ.

నిద్రపట్టనివాడు:
వేల యేండ్ల నాఁటి వింతయౌ పలకయె
నేఁడు తెరను వెలిఁగె నీటుగాను
సున్న పడిన నేనుఁ జూచుచుండఁగ నయ్యొ
పావు లేని పలకఁ బావు చచ్చె

పద్యపిపాసి:
మూడో పాదం అచ్చంగా ఆడినవాడి మాట. సున్న పడితే వంతు పోయినట్టే, గుడ్లప్పగించి చూడటమే! కానీ 'పావు లేని' అన్నదానికి సమాధానమేది? పలక నీటుగా వెలిగితే పావులూ ఉన్నట్టే కదా. విరోధం అలాగే మిగిలింది.

నిద్రపట్టనివాడు:
రెండో పాదం ఇలా ఉంటే? 'నేఁడు తెరకు వచ్చె నీడ యగుచు'

పద్యపిపాసి:
ఇప్పుడు అతికింది.

అరసున్న:
నీడ పలక మీద నిజం పావు ఎక్కడుంటుంది! భేష్. అన్నట్టు, సున్నకూ నాలుగుకూ అవకాశం సమానమే. అయినా ఆప్ మోసం చేస్తోందని తిట్టుకునేది మనకు సున్న పడ్డప్పుడే.

పువ్వుగడి:
పువ్వు గడిని నిలువఁ బ్రాణభయము లేదు
దాని దాటఁగానె తరిమె రిపుఁడు
మాయ తెరను నాకు మంత్ర మేదియు లేదు
పావు లేని పలకఁ బావు చచ్చె

పద్యపిపాసి:
మొదటి పాదంలో పు–బ్రా యతి చెల్లదండీ. ఉకారానికి ఉ, ఊ, ఒ, ఓలతోనే మైత్రి. 'పువ్వు గడిని నిలువఁ బోవు నెల్ల భయమ్ము' అంటే యతీ కుదురుతుంది, 'లేదు' రెండుసార్లు రావడమూ తప్పుతుంది.

అరసున్న:
సవరణతో స్వీకరిస్తున్నాను. రెండో పాదం పరుగు నాకు బాగా నచ్చింది. నడిమి వరసలో పువ్వు గుర్తున్న గడి వదిలాక ఉండే దడ అదే. ఆ గడిలో నిలిస్తే పాచికలు ఇంకోసారి వేసే వంతు కూడా దక్కుతుంది, ఆ సంగతి మాత్రం ఇంకా ఎవరూ అందుకోలేదు. రేపు రాత్రి దాకా గడువుంది.