అప్‌డేట్: పాత ల్యాప్‌టాప్‌కి ర్యామ్ పెంచాను, తేడా ఎక్కడొచ్చిందంటే

4 జీబీ ర్యామ్ (తెరిచి ఉన్న ప్రోగ్రాముల డేటా తాత్కాలికంగా ఉండే మెమరీ) ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో క్రోమ్, ఎక్సెల్ కలిపి తెరిస్తే మౌస్ కూడా కదలడం లేదు, ర్యామ్ పెంచితే లాభం ఉంటుందా అని అడిగాను కదా. ముందు టాస్క్ మేనేజర్ (మెమరీ, డిస్క్, ప్రాసెసర్ ఎంత వాడకంలో ఉన్నాయో చూపించే విండోస్ టూల్) చూడమన్నారు. చూశాను. మెమరీ 95 శాతం దగ్గర ఉంది, డిస్క్ 100 దగ్గర నిలబడిపోయింది. ప్రాసెసర్ మాత్రం 20 కూడా దాటడం లేదు! అంటే ఇబ్బంది ప్రాసెసర్‌తో కాదు, ర్యామ్ చాలకపోవడంతో అని అక్కడే తేలిపోయింది.

ర్యామ్ నిండిపోయినప్పుడు విండోస్ కొంత డేటాను డిస్క్‌లో ఇందుకోసమే ఉంచే పేజ్‌ఫైల్ అనే ఫైల్‌లోకి నెట్టేస్తుంది. మళ్లీ ఆ ట్యాబ్ నొక్కితే అక్కడినుంచి వెనక్కి తెచ్చుకోవాలి. ర్యామ్ నుంచి డేటా రావడానికి సుమారు 100 నానోసెకన్లు పడితే, తిరిగే హార్డ్‌డిస్క్‌లో వెతికి తేవడానికి 10 మిల్లీసెకన్ల దాకా పడుతుంది. అంటే దాదాపు లక్ష రెట్లు. అంతసేపూ ప్రాసెసర్ ఎదురుచూస్తూ కూర్చోవాల్సిందే.

ఖాళీ స్లాట్‌లో అదే రకం (డీడీఆర్4) 4 జీబీ ర్యామ్ స్టిక్ ఇంకోటి వేయించాను. ఇప్పుడు అవే ఫైళ్లు, అన్నే ట్యాబ్‌లు తెరిచినా మెమరీ 70 శాతం దగ్గర ఆగుతోంది, డిస్క్ చాలావరకు ఖాళీగా ఉంటోంది. ఎక్సెల్ నుంచి క్రోమ్‌కి వెళ్తే పేజీ వెంటనే వస్తోంది. నిజంగా ప్రాణం లేచొచ్చింది. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్ ఇది, గ్రాఫిక్స్‌కి కూడా ఈ ర్యామ్‌లోంచే వాటా పోతుంది. అందుకే తేడా ఇంకాస్త ఎక్కువగా తెలుస్తోందనుకుంటా.

అయితే ఆన్ అవడానికి మాత్రం ఇదివరకటంత టైమే పడుతోంది. ఫైళ్లన్నీ ఆ హార్డ్‌డిస్క్ నుంచే రావాలి కాబట్టి ర్యామ్ పెంచినా అది తగ్గదు. దానికోసం వచ్చే నెల హార్డ్‌డిస్క్ బదులు ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని, వేగంగా చదివే డిస్క్) వేయిస్తున్నాను.