వీడ్కోలు సభలో లిబెరో గురించి ఏం చెప్పాలి?

కాలేజీ వాలీబాల్ జట్టుకి కోచ్‌ని. శనివారం సాయంత్రం ఫైనలియర్ పిల్లలకి వీడ్కోలు. ఒక్కొక్కరి గురించి రెండు నిమిషాలు మాట్లాడాలి. స్మాషర్లతో ఇబ్బంది లేదు, వాళ్ల పాయింట్లు చెబితే చాలు. చిక్కంతా లిబెరోతోనే, అంటే వెనక వరసలో ఉండి బంతి కింద పడకుండా కాపాడే ఆటగాడితోనే. నిబంధనల ప్రకారం అతను బ్లాక్ చేయకూడదు, నెట్ కంటే ఎత్తులో ఉన్న బంతిని అవతలికి కొట్టకూడదు. స్కోరు పుస్తకాలన్నీ తిరగేశాను, చెప్పుకోదగ్గ అంకె దొరకలేదు. తోటి ఆటగాళ్లని అడిగితే "మనమంతా ఒకే కుటుంబం" అని రాసిచ్చారు. నిజమే, కానీ అది ఎవరికైనా అతుకుతుంది. మోచేతులు చెక్కుకుపోయినా లేచి, సర్వీస్ పోగొట్టుకున్న జూనియర్ భుజం తట్టే మనిషి ఇతను. పొగిడితే సిగ్గుపడి బయటికెళ్లిపోయే రకం కూడా!

ఇలాంటి ఆటగాడి గురించి, అతను ఇబ్బంది పడకుండా, మీరైతే ఏ మాటతో మొదలుపెడతారు?