బుధవారం ఓపీ వికలాంగులకే అంటున్నారు. ఒప్పుకోవాలా?

చక్రాల కుర్చీ:
మా ఊరి ఏరియా ఆస్పత్రిలో ప్రతి బుధవారం వికలాంగులకు విడిగా ఓపీ పెడదామని ఆస్పత్రి అభివృద్ధి కమిటీలో మాట వచ్చింది. వచ్చే మీటింగుకి మా సంఘం తరఫున నన్ను రమ్మన్నారు. వద్దని చెప్పాలనుంది. నా కారణాలు రాస్తున్నా, తప్పయితే చెప్పండి.

నాకు వెన్నుపూస దెబ్బతిని తొమ్మిదేళ్లు. మాలాంటి వాళ్లకి యూరిన్ ఇన్ఫెక్షన్ పొద్దున చలితో మొదలైతే రాత్రికి ఐసీయూ దాకా తీసుకెళ్లగలదు. అది గురువారం వస్తే? "నిన్న రాకపోయారా" అంటారు. మొన్న ఓపీ చీటీ కౌంటర్లో నన్ను చూడగానే "సదరం క్యాంపు ఇవాళ లేదమ్మా" అన్నాడు. నేను వెళ్లింది దగ్గుకి! కుర్చీ కనపడితే వికలాంగుల సర్టిఫికెట్ కోసమే వచ్చామనుకుంటారు.

2016 వికలాంగుల హక్కుల చట్టం సెక్షన్ 25 చదవండి. ప్రభుత్వ, ప్రైవేటు ఆస్పత్రుల్లో ప్రతి చోటికీ అడ్డు లేకుండా వెళ్లగలగాలి, చూడటంలో మాకు ప్రాధాన్యం ఇవ్వాలి అని ఉంది. వారానికో రోజు అని ఎక్కడా లేదు.

సిరి వాళ్లమ్మ:
అక్కా, నేను ఒప్పుకోను. మా పాపకి సెరిబ్రల్ పాల్సీ, పదకొండేళ్లు. చిన్నప్పుడు చంకనేసుకుని బస్సెక్కేదాన్ని, ఇప్పుడు నా వల్ల కావట్లేదు. మా ఊరి నుంచి ఆటో రానూపోనూ, అక్కడ ఆగినందుకు కలిపి 900. ఎముకల డాక్టరు ఒక రోజు, ఫిజియో ఇంకో రోజు, పిల్లల డాక్టరు మరో రోజు. ముగ్గురూ ఒక్క రోజు కూర్చుంటే నాకు రెండు రోజుల కూలీ మిగులుతుంది. మీరు చట్టం చదవగలరు, కమిటీ వాళ్లతో మాట్లాడగలరు. నాకు ఆటో దొరకడమే గొప్ప.

మా ఊరి మొనగాడు:
మామూలు జనానికే డాక్టర్లు లేరు. మీకు స్పెషల్ ఓపీ కూడానా? పింఛను 4,016 వస్తోందిగా.

సిరి వాళ్లమ్మ:
తమ్ముడూ, ఆ 4,016లో నాలుగు సార్లు ఆటో ఎక్కి మిగిలింది చెప్పు.

ఓపీ డ్యూటీ:
నేను వేరే జిల్లాలో ప్రభుత్వ డాక్టర్ని. నా వైపు సంగతి కూడా వినండి. తొమ్మిది నుంచి ఒంటిగంట లోపు 120 మంది వస్తారు. కుర్చీలో వచ్చిన మనిషిని బల్ల మీదికి ఎక్కించాలంటే ఇద్దరు కావాలి. వార్డుబాయ్ పైన లేబర్ రూమ్ దగ్గరుంటాడు. దాంతో ఏం చేస్తాం? కుర్చీలోనే, చొక్కా మీద నుంచే స్టెతస్కోపు పెట్టి పంపేస్తాం. ఒకాయన వీపు కింద చూడకుండా అలాగే పంపాను. రెండు నెలల తర్వాత పడక పుండు ఎముక దాకా దిగి మళ్లీ వచ్చాడు. ఆ ముఖం మర్చిపోలేను.

బరువు సంగతి ఇంకా దారుణం. నిలబడలేని వాళ్లని తూచే మెషిన్ మా దగ్గర లేదు. "ఎంతుంటారు?" అని అడిగి రాసేసుకుంటాం. రక్తం పలచబడే ఇంజెక్షన్ మోతాదు బరువును బట్టే ఇవ్వాలని మాకూ తెలుసు. విడిగా ఒక రోజుంటే ఒక్కొక్కరికి ఇరవై నిమిషాలైనా ఇవ్వగలను. నా ఓటు బుధవారానికే.

చక్రాల కుర్చీ:
దాచకుండా చెప్పినందుకు థాంక్స్ డాక్టర్ గారూ. కానీ మీరు చెప్పిందాంట్లో తప్పు బల్లది, మెషిన్‌ది, మనుషులు చాలకపోవడానిది. బుధవారం నాడు బల్ల దానంతటది కిందికి దిగదు కదా!

గీత కార్మికుడి కొడుకు:
మా నాన్న తాటిచెట్టు మీద నుంచి పడ్డాడు. ఆస్పత్రికి ర్యాంపు ఉంది. దాని మొదట్లో స్టాఫ్ బైకులుంటాయి. వికలాంగుల టాయిలెట్ ఉంది. దానికి తాళం ఉంది. తాళంచెవి ఎవరి దగ్గరో ముగ్గురిని అడిగి తెరిపిస్తే లోపల సెలైన్ అట్టపెట్టెలు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. అప్పటి నుంచి ఆస్పత్రికి పోయే రోజు నాన్న తెల్లారుజాము నుంచి నీళ్లు ముట్టడు. ఆయనకి కేథటర్, అంటే యూరిన్ ట్యూబు ఉంది. నీళ్లు తాగకపోతే ఇన్ఫెక్షన్, ఇన్ఫెక్షన్ వస్తే మళ్లీ అదే ఆస్పత్రి. మీరు రోజు గురించి కొట్టుకుంటున్నారు. నెలకోసారి ఎవరైనా ఇంటికొచ్చి చూసి, ట్యూబు మార్చిపోతే మాకు అంతకన్నా ఏం కావాలి?

సిమెంటు తాత:
ఆర్ అండ్ బీలో చేసి రిటైరయ్యాను. ర్యాంపు గురించి నాదొక ముక్క. అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవుండాలి, అదీ లెక్క. స్థలం లేదని ఆరడుగుల్లో ముగించి బిల్లు పెట్టిన ర్యాంపులు నా కళ్లతో చూశాను. అలాంటి దాని మీద కుర్చీ తోసుకుంటూ పోతే వెనక్కి బోల్తా కొట్టాల్సిందే.

చట్టం మాట ఎత్తారు కాబట్టి ఇంకొకటి. పాత ప్రభుత్వ భవనాలు మార్చడానికి సెక్షన్ 45 ఇచ్చిన గడువు రూల్స్ వచ్చినప్పటి నుంచి ఐదేళ్లు. రూల్స్ 2017 జూన్‌లో వచ్చాయి. అంటే గడువు 2022లోనే తీరిపోయింది. రాజీవ్ రతూరి అనే ఆయన వేసిన కేసులో 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు, భవనాలు వికలాంగులకు వీలుగా ఉండాలనే ఈ ప్రమాణాలు సలహాల్లా ఉంటే కుదరదు, తప్పనిసరి చేయండి అని చెప్పింది. అమ్మా, మీటింగుకి టేపు పట్టుకెళ్లు. నోటి మాట మినిట్స్‌లో ఎక్కదు, అంకె ఎక్కుతుంది.

చక్రాల కుర్చీ:
తాత గారి మాట విని నిన్న వెళ్లి కొలిచాను. పరీక్ష బల్ల ఎత్తు 34 అంగుళాలు. నా కుర్చీ సీటు 19. మధ్యలో పదిహేను అంగుళాలు. ఎక్కడానికి ఒక ఇనుప స్టూలు, దాని ఒక కాలికి రబ్బరు తొడుగు లేదు. సిస్టర్ చూసి "ఎందుకు కొలుస్తున్నారు మేడమ్?" అంది. చెప్పాను. "మాకూ నడుములు పోతున్నాయండీ వీళ్లని ఎత్తలేక" అని టేపు రెండో కొస తనే పట్టుకుంది.

సిరి వాళ్లమ్మ చెప్పింది రాత్రంతా ఆలోచించాను. నేను కౌంటర్లో పడ్డ అవమానం గురించే చూశాను, ఆమె ఆటో ఖర్చు గురించి ఆలోచించలేదు. అందుకని మీటింగులో ఇలా అడుగుతాను: స్పెషలిస్టులు ముగ్గురూ ఒక్క చోట కూర్చునే రోజు కావాలి, రావాలా వద్దా అన్నది మా ఇష్టం. మిగతా ఏ రోజు వచ్చినా కౌంటర్ నుంచి వెనక్కి పంపకూడదని రాతపూర్వకంగా ఉండాలి. ఎత్తు తగ్గే బల్ల ఒకటి, కుర్చీతో సహా తూచే మెషిన్ ఒకటి. టాయిలెట్ తాళంచెవి చీటీ కౌంటర్లోనే వేలాడాలి. తమ్ముడూ, నాన్న గారి కేథటర్ సంగతి కూడా చెప్తాను, కానీ ఇంటి దాకా మనిషిని పంపుతారన్న నమ్మకం నాకైతే లేదు.

ఓపీ డ్యూటీ:
కౌంటర్ విషయం గట్టిగా పట్టుబట్టండి. విడిగా రోజంటూ వచ్చాక మిగతా రోజుల్లో మావాళ్లే తిప్పి పంపుతారు. అది నేను కాదనలేను.

సిరి వాళ్లమ్మ:
అక్కా, ఒక్క మాట. బుధవారం మాత్రం వద్దని చెప్పండి. ఆ రోజు మా ఊళ్లో సంత, ఒక్క ఆటో దొరకదు.